షిఫ్టు నొక్కితేనే

గుడిపాల రోడ్డు గుజ్జు ఫ్యాక్టరీలో
ఈ సీజనుకి కొత్త జారుడు రేకు బిగించాల.
ఎంత వాలు పెట్టాలో రాసిన ఫైలుని
పోయినేడే చెదలు చదివేసినాయి.

వాలు తక్కువైతే కాయ కదలదు.
ఎక్కువైతే ఉరికి, కింద ఇనుముకి గుద్దుకుని
మూతి నల్లబడతాది,
సాయంత్రానికి పులిసిన కంపు.

"డిప్లొమా పాపా, నువ్వు చెప్పు" అన్నాడు
ఫిట్టరు దక్షిణామూర్తన్న.
నోట్లో రెండు బోల్టులు పెట్టుకునే మాట్లాడతాడు.
నాకు ఎక్కువగా నేర్పింది ముందుకు పోయే దారి:
కోణం వాళ్లిస్తారు, నిష్పత్తి మనం తేవాల.
ఈడ కోణమే తప్పిపోయింది.
అడుగుజాడలుండాయి, మనిషి లేడు.

వెనక్కి నడవడం వళ్లియమ్మకి వచ్చు.
ముప్పై సీజన్లు కాయలేరిన చెయ్యి.
వాసన పట్టుకుని పోయి
నూరు గంపల్లో కుళ్లింది ఏ గంపలో ఉందో
అడుగున చెయ్యి పెట్టి తీస్తాది.

రెండు వందల నలభై సెంటీమీటర్ల రేకు.
ఒక కొస నేల మీద, ఇంకో కొస జాకీ మీద.
పైన ఒక బెంగళూరా కాయ, ముక్కు కిందికి తిప్పి.
అన్న జాకీ తిప్పతా ఉంటే
ఆమె వంగి రేకుకి చెవి ఆనించింది.
"కదిలే ముందు కాయ గొణుగుతాదే" అనింది.
కర్ణం అంటే చెవి అని కూడా అర్థముందని
లెక్కల క్లాసులో ఎవరూ చెప్పలేదు నాకు.

అరవై. ఎనభై. తొంభై.
"ఆపు."
ఆమె అన్నాక ఒక్క ఊపిరి ఆగి
కాయ జారింది.

టేపు లాగితే ఎత్తు తొంభై ఆరు.
కర్ణంతో భాగిస్తే సున్నా పాయింటు నాలుగు.

క్యాలిక్యులేటర్లో సైన్ మీటకి పైన
పసుపు అక్షరాల్లో, నెత్తిన మైనస్ ఒకటి మోసుకుని
విలోమం నిలబడి ఉంటాది.
నేరుగా నొక్కితే పలకదు.
ముందు షిఫ్టు నొక్కాల.
"అందరికీ అంతే కదమ్మే" అని నవ్వింది వళ్లియమ్మ,
"షిఫ్టు చేస్తేనే గదా ఏదన్నా చేతికొచ్చేది!"

ఇరవై మూడు డిగ్రీల ముప్పై అయిదు నిమిషాలు.
నమ్మకం చాలక నేల కూడా కొలిచినా,
రెండు వందల ఇరవై.
టాన్ దారిన పోయినా అదే ఊరొచ్చింది.
అన్న నోట్లోంచి బోల్టులు తీసి
"సరే" అన్నాడు.

గేటు బయట ట్రాక్టర్లు పెట్రోలు బంకు దాటి ఉండాయి.
టోకెను నూట పన్నెండు, తవణంపల్లె నాదముని,
మూడు రాత్రులు కాయల మీదే పడుకున్నాడు.
మైకులో మాత్రం డ్రమ్ములు నిండినాయనే మాట,
రేటు సంగతి అడిగితే గుర్రుమనే మైకు.

రాత్రి రూములో పుస్తకం తిరగేస్తే కనపడింది,
సున్నా పాయింటు నాలుగుకి ఇంకో కోణం కూడా ఉండాది:
నూట యాభై ఆరు డిగ్రీల ఇరవై అయిదు నిమిషాలు.
అదే రేకు, అదే ఎత్తు.
వాలు మాత్రం అవతలికి,
ట్రాక్టర్ల వైపుకి.
యంత్రం ఆ మాటెత్తదు.
గీసిచ్చిన హద్దులో ఒక్కటే జవాబు చెప్పి ఊరుకుంటాది.
దాన్నే ప్రధాన విలువ అంటారు.

తెల్లారి రేకు బిగించినాము.
నేను చెప్పిన వాలుకే కాయలు జారినాయి,
బాతులు చెరువులోకి దిగినట్టు, ఒకదాని వెనక ఒకటి.
ఒక్కదానికీ దెబ్బ తగల్లేదు.
మేనేజరు టీ తెప్పించినాడు.

నూట పన్నెండు వెనక్కి తిరిగింది.
స్పీడు బ్రేకరు మీద ట్రాలీ ఒక పక్కకి ఒరిగి
రెండు కాయలు రోడ్డు మీద పడినాయి.
ఎంత ఒరిగిందో నేను కొలవలేదు.
వళ్లియమ్మ గ్లాసు కింద పెట్టి,
అటు చెవి తిప్పి
అట్లే నిలబడింది.